ఎనిమిదీ ఏడూ పద్నాలుగు

మా ఊళ్ళో నలభై దాటిన వాళ్ళలో కూడిక అంటే చెమటలు పట్టని మనిషి దొరకడం కష్టం. అదంతా డెస్లీ హార్గన్ చలవ. ఇన్నిస్‌ఫెయిల్ పట్నం దాటాక చెరకు తోటలకీ అరటి తోటలకీ మధ్య ఇరుక్కున్న ఈ ఊరి హైస్కూల్లో ఆమె ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పింది. ఆమె క్లాసులో తప్పు చెప్పినవాళ్ళు వెళ్ళి కిటికీ పక్కన నిలబడాలి. సరైన జవాబు తట్టేదాకా అక్కడే. చెరకు మొలవడం, ఎదగడం, కోతకు ముందు తగలబెట్టడం, అన్నీ ఆ కిటికీలోంచే చూసి బడి ముగించుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు.

అలాగని డెస్లీ చెడ్డమనిషి కాదు. పక్కింటిదాన్ని కనక చెప్పగలను. తుఫానుకి మా ఇంటి కప్పు లేచిపోయినప్పుడు, మేం పిలవకుండానే వచ్చి మా పరుపులు మోసుకుపోయి తన ఇంట్లో వేసింది. కాకపోతే తప్పు అనేది ఆమె కంటికి గుడ్డ మీద మరకలా కనిపించేది. కనిపిస్తే ఊరుకోలేదు.

ఉద్యోగం మానేశాక, భర్త టెడ్ కూడా పోయాక, ఆమెకు పొద్దు పోవడం మానేసింది. మిగిలింది ఒక్కటే. పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బులో శనివారాల ఆటకి స్కోరు రాయడం. నల్లబోర్డు పక్కన సుద్దముక్క పట్టుకుని నిలబడితే ఆ కాసేపూ మళ్ళీ పాత డెస్లీలా ఉండేది. మిగతా రోజుల కోసం కూరగాయల కొట్టు తలుపు మీద ఒక చీటీ అంటించింది. ‘చిన్నపిల్లలకు లెక్కలు చెప్పబడును. మా వరండాలో. ఉచితం.’

ఎవరూ రాలేదు.

"ఉచితమైతే మాత్రం విషం ఎవడు తాగుతాడు?" అన్నాడు మెర్వ్. అతను క్లబ్బు కార్యదర్శి, ఒకప్పుడు కిటికీ పక్కన నిలబడ్డవాడే.

ఆ మాట డెస్లీ చెవిన పడిందో లేదో నాకు తెలియదు. ఆ వారమే చీటీ పీకేసింది.

అలాంటి సమయంలో ప్రాథమిక పాఠశాలకు కొత్త ప్రిన్సిపాల్‌గా తానీ ముసుమెచి వచ్చింది. అంకెలంటే భయపడే చిన్నపిల్లల్లో ధైర్యం నింపడానికి పెద్దవాళ్ళు కావాలని, వారానికి రెండు మధ్యాహ్నాలు వచ్చి ఒక్కో పిల్ల పక్కన కూర్చుంటే చాలని కబురు పెట్టింది. మొదట వెళ్ళింది డెస్లీయే. తానీ ఆమెను చూసి కుర్చీలోంచి లేచి నిలబడిందట, పాత అలవాటుతో. కిటికీ దగ్గర నిలబడీ నిలబడీ మా ప్రాంతపు పిట్టలన్నిటి పేర్లూ నేర్చుకున్న పిల్ల ఆమె.

"చూడండి మిస్, మా దగ్గర ఒక్కటే నియమం" అంది తానీ, కాస్త తడబడుతూనే. "పిల్లలతో ‘తప్పు’ అనే మాట అనకూడదు."

"తప్పు చేస్తే?"

"చేసినా అనకూడదు."

"మరి దాన్ని ఏమనాలి?"

"‘ఇంకా దారిలో ఉన్న జవాబు’ అంటాం."

"దారిలో ఉన్న జవాబు" అని తిరిగి అంది డెస్లీ. "మీ అమ్మ నిన్ను బజారు నుంచి ఉప్పు తెమ్మంటే నువ్వు చక్కెర తెచ్చావనుకో. అది దారిలో ఉన్న ఉప్పా?"

"మిస్, ఇష్టం లేకపోతే పర్లేదు..."

"ఇష్టం లేదని ఎవరన్నారు?" అంది డెస్లీ.

ఆమెకు అప్పగించిన పిల్ల పేరు మార్లీ. ఎనిమిదేళ్ళు. తల్లి కిరిలీ అరటిపళ్ళ షెడ్డులో పెట్టెలు కట్టే పని చేస్తుంది. ఈ పిల్ల అంకె కనిపిస్తే చాలు, ఎండకు పెట్టుకునే బడి టోపీని కళ్ళ మీదికి లాక్కుని, దాని కింద బిగుసుకుని కూర్చునేది. అడిగితే పలకదు. బతిమాలితే పలకదు. వారాలు గడిచాయి. డెస్లీ ఆ టోపీతోనే మాట్లాడింది.

"తప్పైనా చెప్పిందంటే దాన్ని దిద్దుతాను" అని నా దగ్గర మొత్తుకుంది ఒక సాయంత్రం. "ఏమీ చెప్పకపోతే ఏం దిద్దను? ఇక ఆ నియమం ఒకటి! ఆ తానీ వచ్చి కూర్చుంటే తనకే చూపిస్తాను, తప్పుని తప్పు అనకపోతే ఏమవుతుందో."

చూపించింది కూడా. తానీ గది గుమ్మంలో నిలబడి చూస్తున్నప్పుడు, కేవలం కసితో, కాగితం మీద పెద్ద పెద్ద అంకెలతో ఎనిమిదీ ఏడూ కూడి కింద పద్నాలుగు అని రాసింది. ఇప్పుడు చెప్పు, దీన్ని ఎవరు ఏమంటారో చూస్తాను, అన్నట్టు తానీ వైపు తల తిప్పింది. తానీ నోరు తెరిచి, నియమం గుర్తొచ్చి, మూసింది.

టోపీ కాస్త పైకి లేచింది. దాని కింద నుంచి రెండు కళ్ళు ఆ కాగితాన్ని చూశాయి.

"తప్పు" అంది మార్లీ.

ఆ గదిలో ఆ పిల్ల పలికిన మొదటి మాట అదే. అనకూడదన్న మాట కూడా అదే.

"ఏదీ? ఎక్కడ?" అంది డెస్లీ, తనకే తెలియకుండా.

మార్లీ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఎనిమిదికి రెండు వేస్తే పెట్టె నిండుతుంది. పెట్టెకి పది. ఆ రెండూ ఏడులోంచే తీశాం కదా, ఇంక అయిదు మిగిలాయి. పదిహేను." తర్వాత, ఏదో తట్టినట్టు, డెస్లీ చెయ్యి తట్టింది. "పర్లేదు మిస్. మీరు తొందరపడ్డారంతే."

ఆ రోజు డెస్లీ సరాసరి మా ఇంటికే వచ్చింది. చెప్పులు విప్పకుండా వంటింట్లోకి వచ్చి, నిలబడే టీ తాగింది. "నోరీన్, ఆ పిల్లకి అంకెలు రాక కాదు. షెడ్డులో తల్లి పక్కన కూర్చుని అన్నీ నేర్చేసింది. ఎవరైనా తనకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఎదురుగా ఉంటేనే దానికి నోరు పెగలదు."

"అయితే?"

"అయితే నాకు తక్కువ తెలియాలి."

అప్పట్నుంచి ఆమె తప్పులు చెయ్యడం మొదలుపెట్టింది. చేతికొచ్చిన తప్పు కాదు. ముందురోజే భోజనాల బల్ల దగ్గర కూర్చుని వాటిని తయారు చేసుకునేది. "నీకు తెలియదు, మంచి తప్పు చెయ్యడం చాలా కష్టం" అనేది నాతో. "పిల్లకి దొరికేంత తేలిగ్గా ఉండాలి, దొరికాక గర్వపడేంత గట్టిగానూ ఉండాలి. నిన్న పదిహేడులోంచి తొమ్మిది తీసి ఏడు అన్నాను. ఎంత బాగా దొరికిందో!"

మార్లీ టోపీ వెనక్కి జరిగింది. తర్వాత కొక్కేనికి చేరింది. పక్క బల్లల పిల్లలు కూడా మిస్ హార్గన్‌కి ఏం రాదో చూద్దామని మూగడం మొదలైంది. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి దిద్దేవాళ్ళు.

ఇందులో ఒక చిక్కు ఉంటుందని నాకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. పిల్లలు ఇళ్ళకు వెళ్ళి మాట్లాడతారు.

మార్లీ షెడ్డులో తల్లికి చెప్పింది. "అమ్మా, మిస్ హార్గన్‌కి ఎనిమిదీ ఏడూ కూడడం రాదు. నేనే నేర్పుతున్నా." కిరిలీ చేతిలోని గెల కింద పెట్టేసింది. పెట్టెలు కట్టేవాళ్ళ వరుస చివరికి మాట చేరేసరికి డెస్లీకి అంకెలు మర్చిపోయే జబ్బు వచ్చింది. వారం తిరిగేసరికి ఊరంతా పాకింది.

ముప్ఫై ఏళ్ళు వణికించిన మనిషి మీద మా ఊరికి ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఆమె వరండాలో రొట్టెలు, మాంసం పులుసు గిన్నెలు, లసాన్యా పళ్ళేలు వచ్చి వాలాయి. వీధిలో కనిపిస్తే ఒకప్పుడు రోడ్డు దాటి అటు పోయేవాళ్ళు ఇప్పుడు ఇటు దాటి వచ్చి, గట్టిగా, నిదానంగా, పదాలు విడగొట్టి పలకరించేవాళ్ళు.

"మిస్, ఈ రోజు ఏ వారమో తెలుసా?" అని అడిగాడు రొట్టెల కొట్టతను.

"నాకు చెవుడు రాలేదు" అంది డెస్లీ.

"చూశావా, కోపం కూడా వస్తుందట ఆ జబ్బులో" అన్నాడు అతను నాతో, ఆమె అటు తిరగగానే.

కిరిలీ కూడా వచ్చింది. పింగాణీ గిన్నె పట్టుకుని గేటు దగ్గరే చాలాసేపు తచ్చాడింది. చివరికి మెట్లెక్కింది. "మిస్, నన్ను గుర్తుపట్టారా?"

"కిరిలీవి కదూ. ఎడమచేత్తో రాసేదానివి."

కిరిలీ కళ్ళు తడిశాయి. ఈ ముక్కయినా గుర్తుందన్న సంతోషం. డెస్లీ భుజం మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు ఈ భుజం దగ్గరికి రావడానికే ఆమెకు ధైర్యం చాలేది కాదు. "మీరేం బెంగపెట్టుకోకండి మిస్. ఎనిమిదీ ఏడూ నాకూ ఒక్కోసారి తడబడుతుంది. ఇప్పటికీ వేళ్ళ మీదే లెక్కపెట్టుకుంటాను, బల్ల కింద, ఎవరూ చూడకుండా. మీతో అయితే చెప్పుకోవచ్చు కదా, ఇప్పుడు."

నేను అక్కడే ఉన్నాను. డెస్లీ గిన్నె అందుకుని బల్ల మీద పెట్టింది.

"చెప్పుకోవచ్చు తల్లీ" అంది. "నేనూ వేళ్ళే వాడుతున్నాను."

ఆ రాత్రి కిరిలీ తెచ్చిన లసాన్యా నా ఇంటికి పంపేసింది. తిన బుద్ధి కాలేదంది.

ఇదంతా ఒక ఎత్తు, క్లబ్బు సంగతి ఒక ఎత్తు. శనివారం ఆమె నల్లబోర్డు దగ్గరికి వెళ్ళేసరికి మెర్వ్ సుద్దముక్క చేతిలో పట్టుకుని ఉన్నాడు. "నువ్వు హాయిగా నీడలో కూర్చో డెస్. ఈ ఎండలో నీకెందుకీ అవస్థ?"

"నాకేం అవస్థ లేదు మెర్వ్."

"లేదనే అంటారు" అన్నాడు మెర్వ్ ఎంతో దయగా.

ఆ సాయంత్రం నాకు ఒళ్ళు మండిపోయింది. "నిజం చెప్పేయ్! నాటకం ఆడానని ఒక్క మాట అంటే సరిపోతుంది. మెర్వ్ మొహాన ఆ సుద్దముక్క..."

"చెబితే మార్లీకి తెలుస్తుంది" అంది డెస్లీ. "అది నన్ను గెలిచింది నోరీన్. నేను గెలిపించానని తెలిస్తే ఏం మిగులుతుంది దానికి?"

నా బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

తానీ కూడా మెత్తగా మొదలుపెట్టింది. పిల్లలతో ఉండేవాళ్ళ ఆరోగ్యం గురించి డాక్టరు ఒక మాట రాసిస్తే బావుంటుందంది. నేనే కారులో తీసుకెళ్ళాను. డాక్టర్ ఫెర్నాండో ఊరికి కొత్తవాడు, ఆమె క్లాసులో ఎన్నడూ నిలబడలేదు. అయినా విన్నవి విన్నాడు కదా, చిన్నపిల్లను అడిగినట్టు అడిగాడు. "వంద నుంచి ఏడేసి తీసుకుంటూ వెనక్కి వెళ్ళగలరా? తొందరేం లేదు."

డెస్లీకి పట్టరాని సంతోషం వచ్చింది. నెలల తరబడి నోటికి వేసుకున్న తాళం ఊడినట్టు, తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది అంటూ ఊపిరి తీసుకోకుండా దిగుకుంటూ పోయి, రెండు దగ్గర ఆగింది. "ఇంకా కిందికి, సున్నా దాటి వెళ్ళమంటారా?"

డాక్టరు కలం కింద పెట్టాడు. "మీకేం జబ్బు లేదు."

"ఆ మాట బయట అనకండి" అంది డెస్లీ. సంగతంతా చెప్పింది. అతను నవ్వాపుకోలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పిల్లల దగ్గర ఉండవచ్చని మాత్రం ఒక వాక్యం రాసిచ్చాడు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరడిగినా, రోగుల సంగతి చెప్పకూడదన్నాడు. దాంతో ఊరికి రూఢి అయిపోయింది. చెప్పుకోలేనంత పెద్దదే అయి ఉంటుంది, పాపం.

ఏడాది చివర జెండా పోటీ మా క్లబ్బులోనే జరిగింది. మాకూ పక్క ఊరివాళ్ళకూ మధ్య. మూడు జట్లు పక్కపక్కనే ఆడతాయి, మూడింటి పాయింట్లూ కలిపితే ఎక్కువ వచ్చిన ఊరికి జెండా. ఆ జెండా మా గోడ మీద వేలాడి చాలా కాలమైంది. ఊరు ఊరంతా వచ్చింది, ఇనప పలక మీద సాసేజ్‌లు వేగుతున్నాయి. కిరిలీ మార్లీని తీసుకొచ్చింది. డెస్లీ నీడలో, నేను పక్కన.

ఆట ముగిసింది. మెర్వ్ బోర్డు మీద మా పాయింట్లు రాశాడు. పద్దెనిమిది, ఇరవై ఏడు, పదహారు. పక్క ఊరివి ఇరవై రెండు, పంతొమ్మిది, ఇరవై ఒకటి. చెమట తుడుచుకుని, పెదాలు కదుపుతూ కూడాడు. వాళ్ళకి అరవై రెండు వేశాడు. మాకు యాభై ఒకటి.

మా వాళ్ళంతా ఉస్సురన్నారు. డెస్లీ చెయ్యి నా చెయ్యిని గట్టిగా పట్టుకుంది. పై అంకెకు చేర్చాల్సిన రెండులో ఒకటి మెర్వ్ మింగేశాడని ఆమె ఎప్పుడో చూసేసింది.

"తప్పు!" అని ఒక గొంతు. మార్లీ జనాన్ని తోసుకుంటూ బోర్డు దగ్గరికి పోతోంది. "మెర్వ్, మీరు తప్పు చేశారు. అన్నీ ఇరవై, ముప్ఫై, ఇరవై చేసి పెట్టెలు నింపండి. డెబ్భై. ఎక్కువ పెట్టినవి తీసేయండి. అరవై మూడు!"

అరవై మూడు! ఒక్క పాయింటుతో జెండా మాదే. మెర్వ్ యాభై ఒకటి తుడిచి అరవై మూడు రాశాడు. క్లబ్బు దద్దరిల్లిపోయింది. ఎవరో మార్లీని ఎత్తుకున్నారు. కిరిలీ రెండు చేతులతో మొహం మూసుకుని ఏడుస్తోంది.

డెస్లీ మాత్రం రాయిలా కూర్చుంది. "అరవై ఒకటి" అంది నాకు మాత్రమే వినిపించేలా. "పద్దెనిమిదికి వేసిన రెండూ తియ్యలేదు."

పక్క ఊరి కెప్టెన్ అప్పటికే జేబులో పెన్సిల్ వెతుక్కుంటున్నాడు. అతను కూడితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. ఇంతమంది ముందు ఒక మగవాడి గొంతు ఆ పిల్ల మీద విరుచుకుపడుతుంది. డెస్లీ లేచింది. ఏళ్ళ తరబడి అలా విరుచుకుపడ్డ గొంతు తనదే కదా, అందుకే అది బయల్దేరకముందే పోవాలనుకుందేమో. నేను ఎన్నడూ చూడనంత గబగబా నడిచింది.

"మార్లీ! ఒక్క నిమిషం" అంది. "నాకు బుర్రకెక్కలేదమ్మా."

జనంలోంచి అయ్యో అన్న చప్పుడు. "ఇప్పుడెందుకు మిస్? కూర్చోండి, రండి" అని తానీ చెయ్యి పట్టుకోబోయింది. డెస్లీ కదల్లేదు.

"మళ్ళీ పెట్టెలు నింపి చెప్పవూ? నెమ్మదిగా. నా సంగతి నీకు తెలుసుగా."

మార్లీ కిందికి దిగింది. పెద్దవాళ్ళెవరికీ లేని ఓపిక ఆ పిల్లకి ఆమె విషయంలో ఉంది. సుద్దముక్క తీసుకుంది. "చూడండి మిస్. ఈ పదహారుని ఇరవై చెయ్యడానికి నాలుగు వేశాం, అవి తీసేశాం. ఈ ఇరవై ఏడుని ముప్ఫై చెయ్యడానికి మూడు, అవీ తీసేశాం. ఇక ఈ పద్దెనిమిదికి..." చెయ్యి ఆగింది. అంతా ఎదురుచూస్తున్నారు.

"అరె" అంది మార్లీ. "ఈ రెండూ తియ్యడం మర్చిపోయా. అరవై ఒకటి." అరవై మూడుని అరచేత్తో తుడిచేసి, ఇటు తిరిగి, అంతకు ముందు గెలిచామని చెప్పిన గొంతుతోనే చెప్పింది. "మనం ఓడిపోయాం. ఒక్కటే తేడా."

ఏడవలేదు. టోపీ కోసం చెయ్యి నెత్తి మీదికి కూడా పోలేదు. చేతికంటిన సుద్ద గౌనుకు తుడుచుకుని, సాసేజ్ ఇంకా ఉందా అని అడిగింది. ముందుగా చప్పట్లు కొట్టింది పక్క ఊరి కెప్టెన్. పెన్సిల్ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం మా ఊరివాళ్ళు తేల్చుకున్న విషయాలు ఇవి. మార్లీ అసాధారణమైన పిల్ల. తానీ బడి అద్భుతంగా నడుపుతోంది. ఇక డెస్లీ గురించి మెర్వ్ మాట. "పాపం, తెలియక అడిగిందనుకో. కానీ ఇంకో రెండు నిమిషాలు నోరు మూసుకుని కూర్చుని ఉంటే జెండా మన గోడ మీద ఉండేది."

"వాళ్ళు మళ్ళీ కూడుకోరా?" అన్నాను నేను.

"ఏమో, కూడేవారు కాదేమో" అన్నాడు మెర్వ్, అలాంటి ఊరు ఒకటి ఉంటుందన్నట్టు.

మరుసటి వారం కిరిలీ మళ్ళీ వచ్చింది. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. "మిస్, మీతో ఒక మాట. చెబితే ఏమనుకోకండి. బుర్రకి పని పెడుతూ ఉంటే ఆ జబ్బు ముదరదంట. మార్లీ రోజూ బడయ్యాక వచ్చి మీతో కాసేపు కూడికలు చేయిస్తానంటోంది. తన స్నేహితులు కూడా వస్తారట. వాళ్ళమ్మలు కూడా సరేనన్నారు. మీకు శ్రమ అనిపిస్తే..."

డెస్లీ నా వైపు చూడలేదు. చూస్తే ఇద్దరం నవ్వేసేవాళ్ళం. "మీ ఇష్టం తల్లీ" అంది. "వైద్యం అంటే కాదంటానా?"

ఇప్పుడు ఆ వరండాలో కుర్చీలు చాలడం లేదు. ఉచితంగా చెబుతానంటే ఒక్క పిల్లనూ పంపని ఇళ్ళ నుంచి వరుసగా వచ్చి దిగుతున్నారు, మిస్ హార్గన్‌కి లెక్కలు చెప్పడానికి. ఆమెకు గుణకారాలు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు తాము నేర్చుకోవాలి కనక నేర్చుకుంటున్నారు. ఈ మధ్య కిరిలీ కూడా పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చి, ఓ మూల కూర్చుని, వేళ్ళు బల్ల మీదే పెట్టి లెక్కపెడుతోంది. తానీ బడి పత్రికలో పిల్లల దయాగుణం గురించి రాసింది. డెస్లీ కొంచెం కోలుకుంటున్నట్టుందని ఊళ్ళో అనుకుంటున్నారు. పిల్లల పుణ్యమేనట.

మొన్న సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఆమె కంచె దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది. మొహం పాలిపోయి ఉంది.

"నోరీన్, ఇవాళ ఏడు ఎనిమిదులు యాభై నాలుగు అన్నాను."

"బావుంది. పట్టుకున్నారా?"

"పట్టుకున్నారు. కానీ అది తయారు చేసుకున్న తప్పు కాదు. నిజంగా అలాగే వచ్చింది."

చెరకు వైపు నుంచి గాలి వీస్తోంది, ఆమె జుట్టు మొహం మీద పడుతున్నా తీసుకోవడం లేదు.

"మరి ఏం చేశావు?"

"ఏం చేస్తాను? మార్లీ పక్కన కూర్చుంది, మళ్ళీ చేశాం. యాభై ఆరు వచ్చింది. బాగా చేశానని తన డబ్బాలోంచి ఒక చాక్లెట్ బిస్కెట్ ఇచ్చింది."

"తిన్నావా?"

"తినక?" అంది డెస్లీ. "కష్టపడి సంపాదించుకున్నాను."